నాడీకణాల కంప్యూటర్ అనుకరణ

నాడీకణాల కంప్యూటర్ అనుకరణ అనగా నాడీకణంలో జరిగే విద్యుత్, రసాయనిక మార్పులను గణిత సమీకరణాల రూపంలో వ్రాసి, వాటిని కంప్యూటర్ చేత సాధింపజేసి, కణం ప్రవర్తనను అంకెల రూపంలో తిరిగి రాబట్టే పద్ధతి. ఒక్క కణంతో మొదలైన ఈ ప్రయత్నం క్రమేణా కొన్ని వేల కణాల వలయాలకు, అక్కడి నుండి ఒక జీవి మెదడు మొత్తానికి విస్తరించినది. ఈ శాస్త్ర విభాగాన్ని గణన నాడీశాస్త్రం అంటారు.

మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు, వాటి మధ్య ఇంచుమించు కోటి కోట్ల సంధులు ఉన్నవని అంచనా. ఈ సంఖ్యలను చూసి, తగినంత పెద్ద కంప్యూటర్ ఉంటే చాలు, మెదడును అనుకరించవచ్చునని చాలామంది భావిస్తారు. అసలు చిక్కు అక్కడ లేదు. 302 నాడీకణాలు మాత్రమే ఉన్న ఒక చిన్న పురుగు నడవడికను సైతం పూర్తిగా అనుకరించడం ఇంకా సాధ్యపడలేదు. ఎందువలన సాధ్యపడలేదో తెలుసుకోవడమే ఈ శాస్త్రంలో ప్రధానమైన పాఠం.

ఇక్కడ ఒక పేరు వలన కలిగే గందరగోళాన్ని తొలగించుకొనడం మంచిది. కృత్రిమ మేధలో వాడే "కృత్రిమ నాడీ వలయాలు" వేరు, ఈ వ్యాసంలోని అనుకరణలు వేరు. 1943లో వారెన్ మెక్‌కలక్, వాల్టర్ పిట్స్ నాడీకణాన్ని "అవును, కాదు" అని మాత్రమే చెప్పగల తార్కిక మీటగా ఊహించి ఒక నమూనాను ప్రతిపాదించారు. కృత్రిమ నాడీ వలయాల వంశవృక్షం ఆ నమూనా దగ్గర మొదలవుతుంది. వాటి లక్ష్యం పని జరిపించడం. కణం లోపల నిజంగా ఏమి జరుగుతున్నదో వాటికి అక్కరలేదు. జీవకణం ఎలా ప్రవర్తిస్తున్నదో తెలుసుకోవడమే నాడీకణ అనుకరణ లక్ష్యం.

నాడీకణం పనిచేసే తీరు

ప్రతి నాడీకణం చుట్టూ పలుచని కొవ్వు పొర ఉంటుంది. దీనిని కణత్వచం అంటారు. విద్యుత్ పరిభాషలో చెప్పాలంటే ఇది ఒక కెపాసిటర్. దీనికి ఇరువైపులా ఆవేశం నిలువ ఉంటుంది. కణం విశ్రాంతిలో ఉన్నప్పుడు బయటితో పోల్చితే లోపలి వోల్టేజి సుమారు 65 నుండి 70 మిల్లీవోల్టులు తక్కువగా ఉంటుంది. కణం బయట సోడియం అయానులు, లోపల పొటాసియం అయానులు ఎక్కువ. ఈ తేడాను నిలబెట్టడానికి కణం నిరంతరం శక్తిని ఖర్చు చేస్తూ ఉంటుంది.

త్వచంలో అక్కడక్కడ ప్రోటీనులతో తయారైన సన్నని ద్వారాలు ఉంటాయి. కొన్ని సోడియమును మాత్రమే, కొన్ని పొటాసియమును మాత్రమే పోనిస్తాయి. వోల్టేజి కొంత పెరిగితే సోడియం ద్వారాలు తెరుచుకుంటాయి. సోడియం లోనికి వచ్చినందున వోల్టేజి ఇంకా పెరుగుతుంది. అందువలన మరిన్ని ద్వారాలు తెరుచుకుంటాయి. గడ్డివామికి నిప్పు అంటుకున్నట్లు ఇది క్షణంలో ముదిరిపోతుంది. అంతలో సోడియం ద్వారాలు వాటంతట అవే మూతపడతాయి. నిదానంగా తెరుచుకున్న పొటాసియం ద్వారాల గుండా పొటాసియం బయటకు పోయి, వోల్టేజి మళ్ళీ దిగిపోతుంది. సుమారు ఒక మిల్లీసెకండులో ముగిసే ఈ ఉత్థానపతనాన్నే నాడీ ప్రచోదనం అంటారు. ఇది తంత్రికాక్షం అనే పొడవాటి పోగు వెంట ప్రయాణించి, చివరనున్న సంధి వద్ద రసాయనాన్ని విడుదల చేసి, పక్క కణాన్ని ప్రేరేపిస్తుంది లేదా నిరోధిస్తుంది.

స్క్విడ్ నాడి, చేతితో తిప్పే లెక్కల యంత్రం

పై పేరాలో చెప్పినదంతా నేడు పాఠ్యపుస్తకాలలో ఉన్న విషయమే కాని, దానిని అంకెలలో నిరూపించినవారు ఆలన్ హాడ్జ్‌కిన్, ఆండ్రూ హక్స్‌లీ అనే ఇద్దరు ఆంగ్ల శాస్త్రవేత్తలు. స్క్విడ్ అనే సముద్రజీవి శరీరంలో ఒక తంత్రికాక్షం అర మిల్లీమీటరు లేక అంతకన్న ఎక్కువ మందం ఉంటుంది. జె. జడ్. యంగ్ 1930లలో దీని ప్రాముఖ్యాన్ని లోకానికి తెలియజేశారు. మనిషి శరీరంలోని తంత్రికాక్షాలు దీనికన్న ఎన్నో రెట్లు సన్ననివి. వాటిలోనికి ఆనాటి పరికరాలను దూర్చడం అసంభవం. స్క్విడ్ నాడిలోనికి మాత్రం సన్నని తీగను నిలువునా పంపవచ్చును.

1939 వేసవిలో ఇంగ్లండులోని ప్లిమత్ తీరంలో వీరిద్దరూ నాడి లోపలి నుండి ప్రచోదనాన్ని నమోదు చేశారు. లోపలి వోల్టేజి సున్నా వరకు వచ్చి ఆగుతుందని అప్పటి సిద్ధాంతం. అది సున్నాను దాటి ఎన్నో మిల్లీవోల్టులు పైకి పోయినది. ఎందుకో తేల్చేలోపే రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి పరిశోధన ఆగిపోయినది. యుద్ధం ముగిసిన తరువాత, కెన్నెత్ కోల్ అమెరికాలో రూపొందించిన "వోల్టేజి బిగింపు" పద్ధతిని వీరు అందిపుచ్చుకున్నారు. వోల్టేజిని ఒకచోట కదలకుండా నిలిపి ఉంచి, అప్పుడు ఎంత విద్యుత్తు ప్రవహిస్తున్నదో కొలవడం ఈ పద్ధతిలోని కిటుకు. వోల్టేజి మారితే ద్వారాలు మారతాయి, ద్వారాలు మారితే వోల్టేజి మారుతుంది. ఈ గొలుసును ఒకచోట తెంపితే గాని ఏది కారణమో ఏది ఫలితమో తెలియదు.

కొలతల నుండి వారు నాలుగు అవకలన సమీకరణాలను రాబట్టారు. మొదటిది వోల్టేజి మారే వేగాన్ని చెబుతుంది. మిగిలిన మూడూ ద్వారాలలోని "తలుపులు" ఏ వేగంతో తెరుచుకుంటాయో, మూసుకుంటాయో చెబుతాయి. పొటాసియం ప్రవాహానికి నాలుగు ఒకే రకం తలుపులు ఒకేసారి తెరిచి ఉండాలి. సోడియం ప్రవాహానికి ఒక రకం తలుపులు మూడు, మరొక రకం తలుపు ఒకటి తెరిచి ఉండాలి. ఈ తలుపులను ఎవరూ చూడలేదు. కొలతలకు సరిపోయే విధంగా లెక్కలో పెట్టుకున్న సంఖ్యలు అవి.

సమీకరణాలు సరైనవో కావో తెలియాలంటే వాటిని సాధించి, వచ్చిన ప్రచోదనాన్ని నిజమైన ప్రచోదనంతో పోల్చాలి. ఈ పనికి కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోని ఎడ్సాక్ కంప్యూటర్‌ను వాడదలచారు. సరిగ్గా అప్పుడే మార్పులు చేర్పుల కోసం దానిని కొన్ని నెలలపాటు ఆపివేశారు. చివరకు హక్స్‌లీ బ్రన్స్‌విగా అనే చేతితో తిప్పే లెక్కల యంత్రం ముందు కూర్చొని, అడుగడుగునా అంకెలు వేసి, సమీకరణాలను సాధించారు. నాడి వెంట కదిలే ప్రచోదనం లెక్కకు మూడు వారాలు పట్టినదని హాడ్జ్‌కిన్ తరువాత వ్రాశారు. నాడీకణాల కంప్యూటర్ అనుకరణ అనే శాస్త్రం ఆ విధంగా కంప్యూటర్ లేకుండానే పుట్టినది.

లెక్క ప్రకారం ప్రచోదన వేగం సెకండుకు 18.8 మీటర్లు. ప్రయోగంలో కొలిచిన వేగం 21.2 మీటర్లు. ఈ వేగాన్ని వారు సమీకరణాలలో ఎక్కడా ముందుగా పెట్టలేదు. నిలిపి ఉంచిన వోల్టేజి వద్ద చేసిన కొలతల నుండి అది దానంతట అదే బయటపడినది. మంచి నమూనాకు ఇంతకన్న గట్టి పరీక్ష అరుదు. 1952లో వీరి పరిశోధన పత్రాలు వెలువడినవి; 1963లో జాన్ ఎక్లిస్‌తో కలిపి వీరికి నోబెల్ బహుమతి వచ్చినది.

ఆ తలుపుల సంగతి కూడ తరువాత తేలినది. 1976లో ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్ ఒకే ఒక్క ద్వారం గుండా పోయే విద్యుత్తును కొలవగలిగారు. 1998లో రోడరిక్ మెకినన్ బృందం బాక్టీరియాలోని ఒక పొటాసియం ద్వారం నిర్మాణాన్ని ఎక్స్-కిరణాలతో ఛేదించగా, అందులో ఒకే రకం భాగాలు నాలుగు ఉన్నవి.

కొమ్మలు, రెమ్మలు

నిజమైన నాడీకణం స్క్విడ్ నాడిలా ఒకే గొట్టం కాదు. డెండ్రైట్లు అనబడే కొమ్మలు చెట్టు వలె నలుదిక్కులకూ వ్యాపించి ఉంటాయి. ఇతర కణాల సందేశాలలో అధికభాగం వీటిపైననే చేరుతాయి. కొమ్మ చివర వచ్చిన సందేశం మొదలుకు చేరేసరికి నీరసించిపోతుంది. సముద్రగర్భంలో వేసిన టెలిగ్రాఫ్ తీగలలో సంకేతం ఎలా సన్నగిల్లుతుందో వివరించడానికి విలియం థామ్సన్ 19వ శతాబ్దంలో వ్రాసిన సమీకరణాన్ని విల్‌ఫ్రిడ్ రాల్ డెండ్రైట్లకు అన్వయించారు. ఆ తరువాత ఆయన కణాన్ని చిన్న చిన్న గదులుగా విభజించి, ప్రతి గదికి వేరుగా సమీకరణాలు వ్రాసి, పక్క గదులతో కలిపే పద్ధతిని 1964లో ప్రవేశపెట్టారు. నేటికీ వివరమైన నమూనాలన్నీ ఈ పద్ధతినే అనుసరిస్తున్నవి.

ఇందుకోసం వాడే ప్రోగ్రాములలో మైకేల్ హైన్స్ తదితరులు రూపొందించిన "న్యూరాన్" మిక్కిలి ప్రసిద్ధం. దీనిని ఉచితంగా దింపుకొనవచ్చును. మామూలుగా ఇది కాలాన్ని 0.025 మిల్లీసెకండ్ల ముక్కలుగా కోసి లెక్క వేస్తుంది. అనగా ఒక సెకండు కాలానికి ప్రతి గదిలోని ప్రతి సమీకరణాన్ని 40,000 సార్లు సాధించాలి. ఒక కణానికి వందలకొద్దీ గదులు ఉండవచ్చును. హక్స్‌లీ మూడు వారాల శ్రమను నేటి మామూలు కంప్యూటర్ కన్నుమూసి తెరిచేలోపు పూర్తి చేస్తుంది కాని, కణాల సంఖ్య పెరిగిన కొద్దీ సూపర్ కంప్యూటర్ కూడ చాలదు.

సరళమైన నమూనాలు

అందువలన చాలామంది కణాన్ని వీలైనంత సరళం చేస్తారు. ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ లాపిక్ 1907లోనే త్వచాన్ని కారుతున్న కెపాసిటర్‌గా భావించారు. చిల్లుకుండలో నీరు పోస్తున్నట్లు ఊహించుకొనవచ్చును: నీరు పడుతూ ఉంటుంది, కొంత కారిపోతూ ఉంటుంది, మట్టం ఒక గీతను తాకగానే ప్రచోదనం పుట్టినదని లెక్క వ్రాసుకొని కుండను ఖాళీ చేస్తారు. ఈ నమూనాలో ప్రచోదనం ఆకారానికి, ద్వారాలకు చోటు లేదు. రిచర్డ్ ఫిట్జ్‌హ్యూ 1961లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీల నాలుగు సమీకరణాలను రెండుకు కుదించారు. 2003లో యూజీన్ ఇజికెవిచ్ రెండే సమీకరణాలతో మెదడు పైపొరలోని పలు రకాల కణాల ధోరణులను రాబట్టగల నమూనాను ప్రకటించారు. ఒక మిల్లీసెకండు అనుకరణకు చిల్లుకుండ నమూనాకు సుమారు 5, తన నమూనాకు 13, హాడ్జ్‌కిన్-హక్స్‌లీ నమూనాకు 1,200 గణిత క్రియలు అవసరమని ఆయన లెక్క కట్టారు. ఏ నమూనా ఉత్తమం అన్నది అడిగే ప్రశ్నను బట్టి ఉంటుంది. ఒక మందు సోడియం ద్వారంపై ఎలా పనిచేస్తున్నదో తెలుసుకోవాలనుకొనేవారికి చిల్లుకుండ వలన ప్రయోజనం లేదు.

పీత కడుపు నేర్పిన సంగతి

పీతలలోను, లాబ్‌స్టర్లలోను కడుపు కండరాలను లయబద్ధంగా కదిలించే ఒక చిన్న నాడీగ్రంథి ఉన్నది. అందులో ఉండేవి సుమారు 30 నాడీకణాలే. ఈవ్ మార్డర్ అనే అమెరికా శాస్త్రవేత్త దశాబ్దాల తరబడి దీనిని పరిశోధించారు. 2004లో ఆమె బృందం ఈ వలయానికి మూడు కణాల నమూనాను నిర్మించి, సంధుల బలాలను, కణాల గుణాలను మార్చుతూ రెండు కోట్లకు పైగా రూపాంతరాలను కంప్యూటర్‌లో పరీక్షించినది. ఒకదానితో ఒకటి ఏమాత్రం పోలికలేని ఎన్నో రూపాంతరాలు ఇంచుమించు ఒకే లయను ఇచ్చాయి.

ఈ ఫలితం అనుకరణ చేసేవారికి ఒక హెచ్చరిక. తెరపై వచ్చిన లయ నిజమైన లయతో సరిపోయినంత మాత్రాన నమూనాలోని అంకెలు నిజమని చెప్పజాలము. పది పీతలను కొలిచి సగటు తీసి నమూనాలో పెట్టడం కూడ క్షేమం కాదు. ఒక్కొక్క పీత ఒక్కొక్క దారిలో అదే లయను సాధించి ఉండవచ్చును, ఆ దారుల సగటు అసలు దారే కాకపోవచ్చును.

పురుగు, ఈగ

సీనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగులో 302 నాడీకణాలు ఉంటాయి. సిడ్నీ బ్రెన్నర్ కేంబ్రిడ్జ్‌లో ప్రారంభించిన పరిశోధనలో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో తీసిన వేలాది చిత్రాలను చేతితో గుర్తించి, ఏ కణం ఏ కణంతో కలుస్తుందో 1986లో ప్రచురించారు. ఒక జీవి నాడీ వ్యవస్థకు లభించిన మొదటి సంపూర్ణ పటం ఇది. 2011లో "ఓపెన్‌వర్మ్" అనే పేరుతో స్వచ్ఛంద కార్యకర్తలు ఈ పురుగును కంప్యూటర్‌లో నిర్మించడానికి పూనుకున్నారు. పటం లభించి నలభై ఏళ్ళయినా పురుగు పూర్తిగా లొంగలేదు. పటం ఏ తీగ ఎక్కడికి పోతున్నదో చెబుతుంది గాని, ఆ సంధి ఎంత బలమైనదో, ప్రేరేపించేదో నిరోధించేదో చెప్పదు. పైగా ఈ పురుగులో వోల్టేజితో తెరుచుకొనే సోడియం ద్వారాలు లేవు. దానిలోని చాలా కణాలు ప్రచోదనాలకు బదులు వోల్టేజిని క్రమంగా హెచ్చిస్తూ తగ్గిస్తూ పనిచేస్తాయి. కొన్ని రసాయనాలు తీగలతో నిమిత్తం లేకుండా శరీరంలో వ్యాపించి దూరపు కణాలను మార్చివేస్తాయి. ఊరి వీథుల పటం చేతిలో ఉన్నంత మాత్రాన ఆ ఊరి సంతలో బేరసారాలు తెలియవు కదా.

పండ్లపై వాలే డ్రోసోఫిలా ఈగ విషయంలో ఇటీవల కొంత ముందడుగు పడినది. 2024 అక్టోబరులో పెద్ద ఆడ ఈగ మెదడు పటం పూర్తిగా వెలువడినది. ఇందులో 1,39,255 నాడీకణాలు, వాటి మధ్య సుమారు 5 కోట్ల సంధులు ఉన్నవి. ఈ పటం ఆధారంగా ఒక బృందం కణాలన్నిటికీ చిల్లుకుండ నమూనానే వాడి అనుకరణ చేసినది. సంధుల సంఖ్యను బట్టి బలాన్ని, విడుదలయ్యే రసాయనాన్ని బట్టి ప్రేరణనో నిరోధాన్నో నిర్ణయించారు. నమూనాలో తీపిని గుర్తించే కణాలను ప్రేరేపించగా, తొండాన్ని చాచే కండరాలకు పోయే కణాలు స్పందించినవి. నమూనా సూచించిన కణాలను బ్రతికి ఉన్న ఈగలలో ప్రేరేపించి చూడగా ఫలితాలు చాలావరకు సరిపోయినవి. ఇంత మోటు నమూనా ఇంతగా పనిచేయడం ఆశ్చర్యకరమే. అయితే ఈ నమూనా ఈగకు ఆకలి లేదు, నిద్ర లేదు. బయట నుండి ప్రేరేపించనిదే దాని మెదడులో ఒక్క కణమైనా పలకదు.

భారీ అనుకరణలు, వివాదాలు

2005లో స్విట్జర్లాండులోని లౌసాన్ నగరంలో హెన్రీ మార్క్‌రమ్ "బ్లూ బ్రెయిన్" అనే ప్రాజెక్టును ప్రారంభించారు. ఐబీఎం వారి బ్లూ జీన్ సూపర్ కంప్యూటర్ పేరు మీదుగా దీనికా పేరు వచ్చినది. మెదడు పైపొరను కణం కణంగా, ద్వారాలతో, కొమ్మలతో సహా నిర్మించడం దీని ఆశయం. పదేళ్ళ కృషి ఫలితంగా 2015లో ఎలుకపిల్ల మెదడులో ఘన మిల్లీమీటరులో మూడవ వంతు కూడ లేని భాగానికి అనుకరణ వెలువడినది. అది ఆవగింజ కన్న చిన్నది. అందులో సుమారు 31,000 కణాలు, 3.7 కోట్ల సంధులు ఉన్నవి.

ఈలోగా సరళ నమూనాలవారు సంఖ్యలో చాలా ముందుకు పోయారు. 2009లో ఐబీఎంకు చెందిన ధర్మేంద్ర మోధా బృందం 160 కోట్ల కణాలు, సుమారు 9 లక్షల కోట్ల సంధులు గల అనుకరణను ప్రకటించినది. పిల్లి మెదడు పైపొర అంతటిదని దీనిని వర్ణించారు. పత్రికలు "కంప్యూటర్‌లో పిల్లి మెదడు" అని వ్రాశాయి. ఇవి చుక్కల వంటి కణాలనీ, దీనిని పిల్లి మెదడు అనడం ప్రజలను మోసగించడమేననీ మార్క్‌రమ్ బహిరంగంగా అభ్యంతరం తెలిపారు. అదే ఏడాది ఆయన ఒక ఉపన్యాసంలో పదేళ్ళలో మనిషి మెదడును నిర్మించడం అసాధ్యం కాదని చెప్పి ఉన్నారు.

2013లో ఐరోపా సమాఖ్య ఆర్థిక సహాయంతో "హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టు" మొదలైనది. మరుసటి సంవత్సరమే, 2014 జూలైలో, వందలాది నాడీశాస్త్రవేత్తలు దీని దృష్టి మరీ ఇరుకైనదని, నిర్వహణ పారదర్శకంగా లేదని బహిరంగ లేఖ వ్రాశారు. మధ్యవర్తుల సంఘం 2015లో ఈ విమర్శలలో చాలావాటిని సమర్థించినది, నాయకత్వం మారినది. సుమారు 60 కోట్ల యూరోలు వ్యయమైన తరువాత 2023 సెప్టెంబరులో ఈ ప్రాజెక్టు ముగిసినది. మనిషి మెదడు అనుకరణ తయారు కాలేదు. మెదడు పటాలు, సమాచార భాండాగారాలు, ఉమ్మడి ప్రోగ్రాములు మాత్రం మిగిలినవి. బ్లూ బ్రెయిన్ 2024 చివర ముగిసినది.

ఖర్చయ్యే విద్యుత్తు మరొక సమస్య. 2013లో జపానులోని "కె" సూపర్ కంప్యూటర్‌పై 173 కోట్ల కణాలు, 10.4 లక్షల కోట్ల సంధులు గల వలయాన్ని నడిపారు. కణాల లెక్కన ఇది మనిషి మెదడులో 2 శాతం. ఒక సెకండు మెదడు వ్యవహారాన్ని లెక్కించడానికి 82,944 ప్రాసెసర్లకు 40 నిమిషాలు పట్టినది. ఆ కంప్యూటర్ పూర్తి వేగంతో నడిస్తే కోటి వాట్లకు పైగా మింగేది. మనిషి మెదడు వాడేది సుమారు 20 వాట్లు. ఈ తేడాను తగ్గించడానికే నాడీకణాల పద్ధతిలో పనిచేసే చిప్పులను తయారు చేస్తున్నారు. మాంచెస్టర్‌లో స్టీవ్ ఫర్బర్ బృందం నిర్మించిన స్పిన్నకర్ యంత్రం 2018లో పది లక్షల ప్రాసెసర్లకు చేరుకున్నది.

వైద్యంలో ఉపయోగాలు

హాడ్జ్‌కిన్, హక్స్‌లీల సమీకరణాలు మొదట అక్కరకు వచ్చిన అవయవం మెదడు కాదు, గుండె. 1960లో డెనిస్ నోబుల్ వాటిని సవరించి గుండె కండర కణాల విద్యుత్ చలనాన్ని అనుకరించారు. ఒక కొత్త మందు గుండె లయను దెబ్బతీస్తుందో లేదో ముందుగా అంచనా వేయడానికి అటువంటి నమూనాలను నేడు వాడుతున్నారు.

మెదడు విషయానికి వస్తే మూర్ఛవ్యాధి చెప్పుకోదగినది. ఈ వ్యాధి ఉన్నవారిలో సుమారు మూడవ వంతు మందికి మందులు పనిచేయవు. వీరిలో కొందరికి, మూర్ఛ పుట్టే భాగాన్ని శస్త్రచికిత్సతో తొలగిస్తారు. ఆ భాగం ఏదో సరిగా గుర్తించలేకపోతే కోత మిగులుతుంది, మూర్ఛ పోదు. ఫ్రాన్సులోని మార్సే నగరంలో విక్టర్ జిర్సా బృందం రోగి ఎం.ఆర్.ఐ. చిత్రాల ఆధారంగా ఆ రోగి మెదడుకే ప్రత్యేకించిన నమూనాను నిర్మించే పద్ధతిని రూపొందించినది. ఇందులో కణాలను విడివిడిగా లెక్కించరు. ఒక్కొక్క ప్రాంతంలోని లక్షలాది కణాల ఉమ్మడి ధోరణికి కొన్ని సమీకరణాలు వ్రాస్తారు. ఏ ప్రాంతాన్ని తొలగిస్తే మూర్ఛ వ్యాపించకుండా ఆగుతుందో ముందుగా నమూనాపై పరీక్షిస్తారు. ఈ పద్ధతి శస్త్రచికిత్స ఫలితాలను ఎంతవరకు మెరుగుపరుస్తుందో తెలుసుకొనడానికి 2019లో ఫ్రాన్సులో రోగులపై పరీక్ష ప్రారంభించారు.

భారతదేశంలో

బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రంలో ఉపీందర్ భల్లా బృందం "మూస్" అనే అనుకరణ ప్రోగ్రామును అభివృద్ధి చేసినది. కణంలోని విద్యుత్ చలనాన్ని, రసాయనిక చర్యలను రెండిటినీ ఒకేచోట లెక్కించగలగడం దీని ప్రత్యేకత. జ్ఞాపకశక్తికి సంబంధించిన పరిశోధనలలో ఈ రెండూ కలిసే పనిచేస్తాయి. మద్రాసు ఐ.ఐ.టి.లో వి. శ్రీనివాస చక్రవర్తి బృందం పార్కిన్సన్ వ్యాధిలో దెబ్బతినే మెదడు లోపలి భాగాలకు నమూనాలు నిర్మించినది.